కాలి గోటి మీద పాత బండి రంగు

మా ఆయన నా ఎడమకాలి బొటనవేలి గోటికి రంగు వేసిన పదకొండో రోజున ఆసుపత్రిలో చేరారు. మరో ఆరు రోజులకు పోయారు. రంగు మాత్రం అప్పటికి వేసినట్టే ఉంది. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసి చెప్పమని ఆయన నాకు పని అప్పగించారు. ఆ పని పూర్తిచేయడానికి నాకు ఏడాది దాటి పట్టింది.

నేను గోళ్ళరంగు కొనుక్కునే మనిషిని కాదు. బడి గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఒంటి మీదైనా వాక్యం మీదైనా అవసరానికి మించి ఏదైనా కనబడితే నాకు అనుమానం. అయినా మా ఇంట్లో ఎప్పుడు చూసినా పాతిక సీసాల గోళ్ళరంగు ఉండేది. కారణం ఆయన ఉద్యోగం.

ఆయన ఈ బెంగాలీ ఊళ్ళోని రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలకు రంగు వేసేవారు. పాత రంగు గీకడం, పుట్టీ పెట్టి రుద్దడం, అండర్‌కోట్ వేయడం, ఆరాక ఆ పైన రంగు. చేరిన కొత్తలో గీకడమే పని. రిటైరయ్యే నాటికి, కలిపిన రంగు సరిగ్గా వచ్చిందా లేదా అని ఆయన్నే అడిగేవారు. రేకు ముక్క మీద ఒక చార గీసి, తలుపు దాకా నడిచివెళ్ళి, ఎండలో చూసి ఒక మాట చెప్పేవారట. ఆ మాటకు తిరుగుండేది కాదని ఆయన తోటివాళ్ళు నాతో అన్నారు. ఆయన ఎప్పుడూ అనలేదు.

పెళ్ళైన మొదటి దుర్గాపూజకి గోల్ బజార్ నుంచి ఎర్ర రంగు సీసా ఒకటి తెచ్చారు. నేను వద్దన్నాను.

"ఊరంతా ఏసుకుంటాదే. నువ్వొక్కర్తివీ బోసి గోళ్ళతో వస్తావేటి?" అన్నారు.

కూర్చోబెట్టి నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నారు. ముందుగా తీసింది ఎర్ర సీసా కాదు. మా కిటికీ ఊచలకు వేయగా మిగిలిన బూడిదరంగు ప్రైమర్ డబ్బా. "అండర్‌కోట్ లేకపోతే రంగు నిలవదు" అని చెప్పి పది గోళ్ళకీ అది పట్టించారు. అది పూర్తిగా ఆరకముందే పైన ఎరుపు వేశారు. ఎరుపు ముడతలు పడింది. తుడిస్తే ఎరుపు పోయింది, బూడిదరంగు పోలేదు. అష్టమి నాడు పందిట్లో బూడిద గోళ్ళతో చేతులు జోడించి నిలబడ్డాను. పక్కనున్న బెంగాలీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "కీ హొయేఛే, దీదీ?" అని అడిగింది. ఏదో జబ్బు చేసిందనుకుంది, పాపం. ఆయన నా వెనక నిలబడి నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నట్టు నటించారు.

ఇంటికి వచ్చాక ఒప్పుకున్నారు. "గోరు ఇనుము కాదు. దానికి తుప్పెక్కడిది? తప్పు నాదే."

అప్పటి నుంచి గోళ్ళరంగును ఆయన ఒక వేరే చదువులాగా చదివారు. నా చెయ్యి ఆయనకు రేకు ముక్క అయింది.

సీసాను ఊపనిచ్చేవారు కాదు. ఊపితే బుడగలు పుడతాయి, బుడగ ఆరాక గుంట అవుతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా దొర్లించేవారు. బ్రష్ పైకి తీసి చివర వేలాడే చుక్కను చూసేవారు. టప్పున రాలితే పల్చన. రాలకుండా తీగ సాగితే పాతబడ్డ సరుకు. మొదటి పూత చూసి ఏ రంగునూ తిట్టకూడదు, మెచ్చుకోకూడదు అన్నది ఆయన నియమం. మొదటి పూతలో చారలు ఎలాగూ వస్తాయి. రెండో పూతలోనూ వస్తే అప్పుడు రంగుది తప్పు. ట్యూబ్‌లైటు వెలుగులో ఏదీ తేల్చేవారు కాదు. నన్ను వీధి గుమ్మంలోకి నడిపించి, చెయ్యి ఎండలోకి చాపమనేవారు. పూరీ గేట్ వైపు వెళ్ళే కూరగాయల బండివాడు ఆగి, తనూ ఒకసారి చూసి, "అచ్ఛా హై" అని పోయేవాడు.

అన్నిటికంటే ఆయన పట్టుదల అంచు మీద. రంగు వేశాక బ్రష్ కొసతో గోటి చివరను కూడా ఒకసారి తాకి మూసేవారు. "పెట్టెకైనా గోటికైనా రంగు లేసేది అంచు కాడే. మధ్యలో ఎప్పుడూ లేవదు" అనేవారు.

చమ్కీ కలిసిన రంగులంటే ఆయనకు గౌరవం లేదు. "దాంట్లో రంగేటున్నాది? జిగురులో ఇసక." కానీ అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది అదేనని, తీయడం మాత్రం నరకమని కూడా చెప్పేవారు. మ్యాట్ రంగులు చూడగానే నచ్చేవి. రెండో రోజుకి నూనె తగిలి అక్కడక్కడా మెరిసేవి. వంట చేయనివాళ్ళకి అని తేల్చేశారు. ముత్యంలా మెరిసేవాటిలో బ్రష్ నడిచిన గీత ప్రతిదీ కనబడుతుంది. చెయ్యి తిన్నగా పోవాలి. ఆయనకు నచ్చింది మామూలు క్రీమ్ రంగు. అందులో మెరుపు రేణువులు ఉండవు. వేసిన చేతి తప్పు దాగదు. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరి అభిరుచీ కలిసింది.

రిటైరయ్యాక ఈ పని పెరిగింది. ఆయన అక్కగారి కూతురు ప్రేమ్ బజార్‌లో, ఇంజనీరింగ్ క్యాంపస్ గేటుకి దగ్గరగా చిన్న దుకాణం పెట్టింది. క్లిప్పులు, కాటుక, గోళ్ళరంగులు అమ్ముతుంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఒక సీసా మా ఇంటికి తెచ్చేది. ఆయన వేసేవారు, నేను ఆ చేత్తోనే అంట్లు తోమేదాన్ని, వారం తర్వాత ఆయన మాట చెప్పేవారు. మేనకోడలు నా చేతిని ఫొటో తీసి, ఆ మాటను హిందీలో కింద రాసి ఫోన్లో పెట్టేది. "పెళ్ళికి సరే. హాస్టల్లో బట్టలుతుక్కునే పిల్లకి వద్దు." ఇలాంటివి. క్యాంపస్ అమ్మాయిలు దుకాణానికి వచ్చి సీసా చూపించి, "మామాజీ నే క్యా బోలా?" అని, మావయ్యగారు ఏమన్నారని అడిగేవారట.

"మావయ్యా, నువ్వు బాగోలేదన్న సీసాలు అలగే మిగిలిపోతన్నాయి. నా దుకాణం మూయించేస్తావేటి?" అనేది మేనకోడలు.

"అబద్దమాడమంటావేటే గుంటా? నువ్వే ఆడుకో. నా పేరెట్టకు."

చివరి సీసాను మేనకోడలు ఒక ఆదివారం తెచ్చింది. ముదురు ఎరుపు, కొంచెం గోధుమ వైపు తిరిగినది. అరచేతుల మధ్య దొర్లిస్తున్న ఆయన ఆగి, లేచి, సీసాను గుమ్మంలోకి తీసుకెళ్ళారు.

"ఇది పాత బండి రంగు" అన్నారు.

రైలు పెట్టెలకు నీలం రంగు రాకముందు ఇలాంటి రంగే ఉండేది. పనిలో చేరాక ఆయన మొదట నేర్చుకున్న రంగు అదే.

"అచ్చం అదేనా?" అని అడిగాను.

"కాదు. నలుపు ఒక సుక్క ఎక్కువైనాది. దాని సుట్టమనుకో."

ఈసారి చెయ్యి వద్దన్నారు. చేతికి అంట్లు, బట్టలు, వారానికే పోతుంది. ఈ రంగుకి ఎక్కువ రోజులివ్వాలి, కాలు చాపమన్నారు. నేను పాదం వెనక్కి లాక్కున్నాను.

"నా కాలు ముట్టుకుంటారేటి మీరు? పిల్ల సూస్తున్నాది."

"రేకు ముక్కకి కాలూ సెయ్యీ ఉంటాయేటి? సాపు."

రెండు పూతలు వేసి అంచు మూశారు. "సూద్దాం, ఎన్నాళ్ళుంటాదో. ఈసారి మాట నువ్వే సెప్పాల" అన్నారు. బ్రష్‌కి మిగిలిన రంగును తన ఎడమ చూపుడువేలి గోటికి రాసుకున్నారు. ప్రతి సీసాకీ చేసేదే.

ఆసుపత్రిలో ఊపిరి అందక పడుకున్నప్పుడు, ఆక్సిజన్ చూసే క్లిప్‌ని నర్సు ఆ వేలికే పెట్టింది. అంకె నిలకడగా రాలేదు. వేలు తిప్పి చూసింది. "కాకూ, ఎటా కీ? నెయిల్ పాలిష్?" అంది. చిన్నపిల్ల. నవ్వాలో కోప్పడాలో తెలియక నా వైపు చూసింది. దూదికి స్పిరిట్ తడిపి రుద్దింది. ఆయన మాస్కు పక్కకి జరిపి, స్పిరిట్‌తో పోదమ్మా, వేరే వేలు చూసుకో అని హిందీలో చెప్పారు. ఆమె వేరే వేలికి పెట్టింది, అంకె వచ్చింది. ఆయన నా వైపు తిరిగారు.

"స్పిరిట్‌కి లొంగలేదు. రాసుకో."

ఆ తర్వాత కూడా మాట్లాడారు. ఆ మాటలు నా దగ్గరే ఉంచుకుంటాను.

పదో రోజు కార్యక్రమాన్ని ఆయన అక్కగారు నడిపించారు. నాకు వదిన, మేనకోడలికి తల్లి. చిన్నవయసులోనే భర్త పోయిన మనిషి. అప్పటి నుంచి ఏ నియమాన్నీ తప్పలేదు. తీయవలసినవన్నీ ఆమే తీసింది. గాజులు, బొట్టు, పుస్తెలు. అవి పోతుంటే నాకు అనుకున్నంత కష్టం కలగలేదు. మనిషే పోయాక అవి వస్తువులుగానే కనబడ్డాయి. మెట్టెలు తీయడానికి వదిన నా ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదేటి?"

"రంగు" అన్నాను.

"రంగని నాకూ తెల్సు. ఇంకా తీలేదేటి?"

"తియ్యను వదినా. అది పరీక్షకి ఏసినారు. ఇంకా అవలేదు."

"ఏటి పరీక్ష? పోనోడొచ్చి మార్కులేస్తాడేటి?"

నేను పాదం వెనక్కి తీసుకోలేదు, తియ్యమనీ అనలేదు. పక్కింటి ఆవిడ నెమ్మదిగా, "గోరింటాకైతే ఎవరూ తీయరు కదా వదినమ్మా, దానంతటదే పోతాది" అంది.

"గోరింటాకు ఆకు. ఇది సీసాలోది" అంది వదిన తోడికోడలు.

వదిన గుమ్మం అవతల కూర్చున్న పంతులుగారిని అడిగింది. శాస్త్రంలో గోళ్ళరంగు మాట తనకు ఎక్కడా తగల్లేదన్నారు.

"లేదంటే కూడదనే" అంది వదిన.

"లేదంటే పర్లేదనే" అంది పక్కింటి ఆవిడ.

వేళ మించిపోతోంది, మీలో మీరు తేల్చుకోండని పంతులుగారు లేచి పెరట్లోకి వెళ్ళారు.

వదిన కూతురి వైపు చూసింది. "ఒలే, నీ సంచీలో ఉంటాది కదా తుడిసే మందు. తే."

"అయిపోనాదమ్మా."

"దుకాణం నిండా అదే అమ్ముతావు. అయిపోనాదేటి!"

మేనకోడలు సంచీని వీపు వెనక్కి జరుపుకుంది. లోపల రెండు సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు అందరికీ వినబడింది.

వదిన తన గోటితోనే గీకబోయింది. రంగు లేవలేదు. నా పాదాన్ని కిటికీ వెలుగువైపు తిప్పి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ రంగు నానెరుగుదును" అంది.

మెట్టెలు పక్కనున్న పళ్ళెంలో వేసింది. "పనిలో సేరిన కొత్తలో ఆడి గోళ్ళ సందుల్లో ఇదే. కిరసనాయిలు గుడ్డెట్టి నానే తోమేదాన్ని. ఎంత తోమినా సందుల్లో ఉండిపోయేది. అన్నం కలుపుకుంటే కిరసనాయిలు కంపు. అమ్మ తిట్టేది ఆడ్ని కాదు, నన్ను. దిక్కుమాలిన రంగు."

నా పాదాన్ని కింద పెట్టింది.

"కాలే కదా. సీర కిందికి ఒగ్గు."

అలా రంగు ఉండిపోయింది. పరీక్ష నడిచింది.

ఆదివారం స్నానం అయ్యాక వీధి గుమ్మంలో కూర్చుని పాదం ఎండలోకి చాపి చూసేదాన్ని. వితంతువు వీధిలోకి కాలు చాపి కూర్చోవడమేమిటని అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. కూరగాయల బండివాడు ఆగేవాడు కానీ ఏమీ అనేవాడు కాదు. అయిదో వారానికి గోరు పెరిగి చెప్పుకి గుచ్చుకోవడం మొదలైంది. కోయాలి. కోస్తే ఆయన మూసిన అంచు పోతుంది. రెండు వారాలు పాత చెప్పులు, వేళ్ళు బయటికి ఉండేవి, వేసుకుని తిరిగాను. ఆ రెండు వారాల్లో నాకు అర్థమైంది ఇదే: కోయకపోతే నేను దాచుకుంటున్నట్టు, కోస్తే పరీక్ష చేస్తున్నట్టు. ఆయన దాచుకోమని చెప్పలేదు. మూడో ఆదివారం కోశాను.

ఆయన చెప్పినట్టే అయింది. కోసిన అంచు దగ్గరే రంగు లేవడం మొదలైంది. ముందు ఆవగింజంత, తర్వాత బియ్యపు గింజంత. మధ్యలో ఎక్కడా లేవలేదు. మూడో నెలలో మెరుపు తగ్గింది. రంగు తగ్గలేదు. వానాకాలంలో వీధిలో నిలిచిన నీళ్ళలో నడిచి వచ్చినా ఏమీ కాలేదు. కింద కొత్త గోరు తెల్లగా పెరుగుతూ వచ్చింది. రంగు ప్రతి నెలా కొంచెం ముందుకు జరిగింది, నేను ప్రతిసారీ కొంచెం కోశాను. ప్రతిసారీ ఏడ్చానని రాస్తే అబద్ధం. రెండోసారి ఏడ్చాను. ఆ తర్వాత చూడడం అలవాటైంది. చూడడానికి ఒక పని ఉంటే ఆదివారం తొందరగా వస్తుందని కూడా తెలిసింది.

ఈ మధ్యలో మేనకోడలు ఫోన్లో ఏమీ పెట్టలేదు. ఒకసారి వచ్చి కింద కూర్చుంది. "గేటు కాడ ఆడపిల్లలు అడుగుతున్నారు అత్తా. మామాజీ ఏటన్నారని. పోనారని సెప్పినాను. అయినా కొత్త సీసా సూసినప్పుడల్లా అలవాటుగా అడుగుతారు, అడిగేసి నాలిక కరుసుకుంటారు. నువ్వు సెప్తే పెడతాను. లేకపోతే అలగే ఒగ్గేస్తాను."

"అవలేదింకా" అన్నాను.

సంవత్సరీకం అయిన రెండు నెలలకు కొసన దారమంత గీత మిగిలింది. పోయిన ఆదివారం దాన్ని కోశాను. ఎండలో చూశాను. అదే రంగు, నలుపు ఒక చుక్క ఎక్కువ. ఆ ముక్కను తులసి కుండీలో వేసి, మేనకోడలికి ఫోన్ చేసి రమ్మన్నాను. అది స్కూటీ మీద తల్లిని కూడా ఎక్కించుకుని వచ్చింది. నేను చెప్పాను, అది రాసుకుంది.

"క్రీమ్ రంగు. రెండు పూతలు చాలు. స్పిరిట్‌కి పోదు. మెరుపు మూడో నెలలో తగ్గింది. రంగు చివరి దాకా మారలేదు. అంచు మూస్తే లేవదు, కోసిన అంచు దగ్గర లేచింది. బ్రష్ ఎలాంటిదో తెలియదు. వేసింది నేను కాదు."

"ఇంతేనా? 'రాయల్' అనో 'క్లాసిక్' అనో పెట్టనా అత్తా? అందరూ పెడతారు."

"వద్దు."

అది మొత్తం ఒకసారి పైకి చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ చదివి, ఫోన్లో పెట్టింది. మేము ఇంకా కూర్చునే ఉండగా ఫోన్లో ఎవరో అమ్మాయి "మామాజీ నే బోలా?" అని అడిగింది. మేనకోడలు నా వైపు చూడకుండానే, "మామీజీ నే బోలా" అని జవాబు కొట్టింది. కాసేపటికి ఆ అమ్మాయే మరోటి అడిగింది: లేత గులాబీది వచ్చింది కదా, అది ఎలా ఉంది?

ఆ సీసా మేనకోడలి సంచీలోనే ఉంది. నేను అడగకుండానే తీసి నా ముందు పెట్టింది. రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించాను. బ్రష్ తీసి చుక్కను చూశాను. కొంచెం పల్చన. నా ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాను కానీ ఏ వేలితో మొదలుపెట్టాలో తోచలేదు. ఎప్పుడూ చెయ్యి ఇచ్చిందే తప్ప బ్రష్ పట్టింది లేదు.

అంతవరకూ గోడకి ఆనుకుని కూర్చున్న వదిన నా ముందున్న పీట దగ్గరికి జరిగింది. చీర అంచు ఒక అంగుళం పైకి లాగి, పాదం పీట మీద పెట్టింది.

"నీ సెయ్యికి ఎలాగూ అంట్లే. రంగు నిజం ఏటి తెలుస్తాది? నా కాలు కాళీగానే ఉన్నాది."

"అమ్మా!" అంది మేనకోడలు.

"పరీక్షకే. నువ్వేటనుకున్నావు? సంచీ ఎనక్కి దాయకు, ఈసారి నాను అడగను."

ఆమె బొటనవేలి గోరు మందంగా, పచ్చగా ఉంది. బ్రష్ తిన్నగా పోలేదు. చర్మానికి కొంత అంటింది, గోటి మీద మూడు చారలు తేలాయి. వదిన వంగి చూసుకుంది.

"సారలొచ్చినాయి. ఆడైతే ఇలగెయ్యడు."

"మొదటి పూతకి తిట్టకూడదు వదినా" అన్నాను. "కదపకండి. ఆరనియ్యండి."